కురుమయ్య ఖాళీ చేసిన గడి

ఆ బుధవారం ఉదయం తేజస్విని పెట్టుకున్న పని చాలా చిన్నది. పాపను బడికి పంపి, కుక్కర్లో పప్పు పెట్టి, అది కూత వేసేలోపు పిలుపుల షీటును ఆఖరిసారి సరిచూసుకుని మూసెయ్యాలి. మాఘంలో కొత్తింటి గృహప్రవేశం. మర్నాటి నుంచి పిలుపులకు బయలుదేరాలి.

ఆ షీటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిరుడు మరిది అరుణ్ పెళ్లికి బంధువుల పేర్లు తలా ఒక కాగితం మీద రాసుకుని తికమక పడుతుంటే, తేజస్విని అందరినీ తీసుకొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించింది. వనపర్తిలో చదివిన బీకాం గద్వాలకు కోడలుగా వచ్చాక దేనికీ పనికి రాలేదన్న దిగులు ఆ షీటుతో తీరింది. ఆరు వందల పైచిలుకు వరుసలు. ముందు గద్వాల వాళ్లు, తర్వాత లింగాల వైపు వాళ్లు, ఆ తర్వాత పెద్దమందడి, చివర అలంపూర్. ఒక్కొక్కరికి పేరు, ఊరు, ఫోను నంబరు, పిలుపు, బట్టలు అని ఐదు గళ్లు.

అసలు ప్రాణమంతా నాలుగో గడిలో ఉంది. ‘ఇంటికి’ అని ఉంటే ఆ ఇంటి గడప దాకా వెళ్లి, బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి పిలవాలి. ‘ఫోన్’ అంటే ఫోను. ‘వాట్సాప్’ అంటే మొహమాటానికి. ఇంకొకటి తేజస్విని సొంతంగా కనిపెట్టింది: ‘పిలవొద్దు’. పిలవని వాళ్ల పేరు షీటులో లేకపోతే, మరిచిపోయారేమో అనుకుని ఎవరైనా పొరపాటున పిలిచే ప్రమాదం ఉందని ఆమె వాదన. ఆ మాట ఎదురుగా ఉన్నది ఒక్కరికే. పెద్దమందడి నర్సమ్మకు. అత్తగారు నాగేంద్రమ్మకు యారాలి, అంటే తోడికోడలి వరుస. తేజస్విని పెళ్లిలో మొదటి బంతిలో కూర్చున్న ఆమెను, వియ్యాలవారికి చోటు చాలలేదని లేపి రెండో బంతికి రమ్మన్నారు. ఆమె విస్తరి ముందు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

ముందు రోజే తేజస్విని ఆ షీటు నకలు ఒకటి భర్త భాస్కర్‌కు పంపింది. విత్తనాల దుకాణం పని మీద అతను ఎలాగూ లింగాల వైపు తిరుగుతాడు. ఆ పక్క పిలుపులు అతనివి.

“తేజూ, ఇందుల ఒకటి మార్చాలె,” అన్నాడతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“నా షీట్ల ఒక్క గడి ముట్టినా ఒప్పుకోను. మీరు ముడితే ఇగ అయినట్టే.”

“సరే తల్లీ, నీ షీటు ముట్ట,” అని అతను దుకాణానికి వెళ్లిపోయాడు.

పప్పు ఇంకా కూత వేయలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ నాగేంద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. “జర పెద్దగ చెయ్యి బిడ్డా. చీమల లెక్క కనబడుతున్నయి.”

తేజస్విని అక్షరాలు పెద్దవి చేసింది. ఇంకా పెద్దవి చేసింది. పేరూ ఊరూ నంబరూ మాత్రమే తెరలో పట్టాయి. పిలుపూ బట్టలూ అంచు అవతలికి వెళ్లిపోయాయి. నాగేంద్రమ్మ వేలు తెర మీద దిగుతూ దిగుతూ పెద్దమందడి మొదట్లో ఆగిపోయింది.

“అయ్యో! కురుమయ్య మామ పేరు ఇంక ఉన్నదేంది? మనిషి ఎండాకాలంల పాయె గదనే. శుభకార్యంల పోయినోళ్ల పేరు ఉంటదా? ముందు తీసెయ్యి.”

“తీస్తున్న అత్తమ్మా.”

కుక్కరు కూత వేసింది. తేజస్విని తెర మీద కనబడుతున్న మూడు గళ్లనూ కలిపి పట్టి చెరిపేసింది. కింద ఉన్నవి పైకి జరపమంటావా అని కంప్యూటరు అడిగింది. మధ్యలో బోడిగా ఒక ఖాళీ ఉంటే ఆమెకు నచ్చదు. జరపమంది.

“పోయిండా?”

“పోయిండత్తమ్మా.”

నాగేంద్రమ్మ తెరకు దండం పెట్టుకుని లేచింది. తేజస్విని స్టవ్ ఆర్పడానికి వెళ్లింది.

జరిగింది ఏమిటంటే, పేరూ ఊరూ నంబరూ పైకి జరిగాయి. అంచు అవతల ఉన్న పిలుపూ బట్టలూ మాత్రం ఎక్కడివక్కడే కూర్చున్నాయి. కురుమయ్య ఖాళీ చేసిన చోటికి కింది మనిషి, ఆ మనిషి చోటికి ఇంకా కింది మనిషి, ఇలా పెద్దమందడి నుంచి అలంపూర్ చివరి ఇంటి దాకా బంధువులందరూ తలా ఒక మెట్టు ఎక్కి, తమ పైవాళ్లకు దక్కాల్సిన మర్యాద పుచ్చుకున్నారు. తేజస్విని తిరిగొచ్చి, అక్షరాలు చిన్నవి చేసి, ఒకసారి పైనుంచి కిందికి చూసింది. పేర్ల మధ్య ఎక్కడా ఒక ఖాళీ గడి లేదు. ఆమెకు ఎంతో తృప్తిగా అనిపించింది.

పనులు పంచుకున్నారు. గద్వాల పట్నంలో పిలుపులు అత్తమామలవి. వాట్సాప్ పిలుపులు హైదరాబాద్‌లో ఉన్న అరుణ్‌వి. అతను ఆ మాట ఉన్న నంబర్లన్నిటినీ ఏరి ఒక్క దెబ్బకు వదులుతానన్నాడు. పెద్దమందడి, అలంపూర్ పిలుపులు, పనులకని ముందే గద్వాల వచ్చిన అరుణ్ భార్య శిల్పవి. ఆ పిల్ల ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. ఎవరు ఎవరో ఇంకా వరుసలు కలుపుకుంటూ ఉంది.

“అక్కా, నాకు సగం మంది తెల్వదు. ఏమన్న తప్పు చేస్తనేమో,” అంది కారెక్కుతూ.

తేజస్విని అచ్చు తీసిన కాగితాలు ఆమె చేతిలో పెట్టింది. “తెలియాల్సిన పనే లేదు శిల్పా. షీట్ల ఏమున్నదో అది చెయ్యి. సొంత తెలివి వాడకు. అంతే.”

పెద్దమందడిలో మొదటి పేరు నర్సమ్మదే. ఎదురుగా ‘ఇంటికి’, ఆ పక్కన ‘పట్టుచీర’. ఈమెను పెళ్లిలో చూసినట్టు శిల్పకు గుర్తు లేదు. గడప ముందు నిలబడి ఫోను చేసింది.

“అక్కా, ఇక్కడ ఒక పెద్దమనిషి ఉన్నది. నేను ఎప్పుడు సూడలే. పట్టుచీర అని ఉన్నది. ఒకసారి పేరు చెప్త—”

తేజస్విని అప్పుడు టెంటు వాళ్లతో కుర్చీల గురించి మాట్లాడుతోంది. “షీట్ల ఉన్నదా లేదా?”

“ఉన్నదక్కా.”

“మరి?” అని పెట్టేసింది.

శిల్ప లోపలికి వెళ్లి బొట్టు పెట్టి, పట్టుచీర చేతికిచ్చి, వంగి కాళ్లు మొక్కింది. నర్సమ్మ చీర మడత విప్పి, కొంగు చూసి, మళ్లీ మడిచి, “నాగేంద్రమ్మే పంపిందా?” అని మాత్రం అడిగిందట.

“మా అక్క పంపింది. పెద్ద కోడలు. మీ పేరు అందరికన్న ముందు రాసింది పెద్దత్తమ్మా,” అంది శిల్ప కాగితం చూపిస్తూ. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

నర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సాయంత్రానికల్లా పెద్దమందడిలో ఆ చీర చూడని వాళ్లు లేరు.

ఆమె కింద ఉన్న విత్తనాల ఏజెంటు శేఖర్ పేరుకు ఎదురుగా ‘పిలవొద్దు’ అని ఉంటే, ఈయన ఏం చేశాడో పాపం అనుకుంటూ శిల్ప దాటేసింది. మర్నాడు అలంపూర్ వెళ్లింది.

అలంపూర్‌లో ఉన్నది మామగారు సాయన్న అక్క జోగులమ్మ. ఆ ఇంటి ఆడబిడ్డ. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆమె. ఆమె అడుగు పెట్టి, పొయ్యి వెలిగించి, పాలు పొంగిస్తే తప్ప మిగతా వాళ్లు గడప దాటరు. షీటులో ఆమె ఎదురుగా ‘ఇంటికి’, ‘పట్టుచీర’ అని తేజస్విని తన చేత్తో కొట్టింది. ఇప్పుడు ఆ రెండూ కిందికి దిగి, ఆమె పక్కింటి రెబెకా సిస్టర్‌కు చేరాయి. సాయన్నకు ఒకసారి అలంపూర్‌లో జ్వరం వస్తే సూది వేసిన నర్సు ఆమె. ఆ కృతజ్ఞతకు వాట్సాప్ చాలని ఒకప్పుడు ఇంట్లో నిర్ణయమైంది. జోగులమ్మకు పై మెట్టున ఉన్న శేఖర్ వాట్సాప్ దక్కింది.

శిల్ప నేరుగా రెబెకా ఇంటికి వెళ్లి కుంకుమ భరిణె తీసింది.

“బొట్టు వద్దు బిడ్డా, మేము పెట్టుకోం. కార్డు ఇయ్యి చాలు,” అంది రెబెకా నవ్వుతూ. చీర చూసి నవ్వు ఆపేసింది. “ఇది నాకేనా? ఒక్క సూదికి గింత పెద్ద చీరనా? జర సూసుకో బిడ్డా. పక్కింట్ల జోగులమ్మకు కావచ్చు.”

శిల్పకూ అదే అనుమానం వచ్చింది. కానీ సొంత తెలివి వాడొద్దని అక్క చెప్పింది. ఇంటి ఆడబిడ్డను అత్తమామలే స్వయంగా వచ్చి పిలుస్తారు కాబోలనుకుని కాగితం మళ్లీ చూసింది. నిజాయితీ గల పిల్ల. చదివింది చదివినట్టే గట్టిగా చెప్పింది. “లేదు సిస్టర్. షీట్ల మీకే ఉన్నది. జోగులమ్మ పెద్దమ్మకు వాట్సాప్ పోయింది.”

నడుమ ఉన్నది నడుమెత్తు గోడ. అవతల జోగులమ్మ బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు సాయన్న ఫోను మోగింది. ఎప్పటిలాగే స్పీకరు పెట్టి పళ్లెం పక్కన పెట్టుకున్నాడు.

“తమ్మీ, తింటున్నవా?”

“తింటున్న అక్కా. నువ్వు తిన్నవా?”

“నా తిండికేంది లే. కార్డు వచ్చింది. ఫోన్ల వచ్చింది. పూలు గిట్ల రాలుతున్నయి, గంట గిట్ల కొట్టుకుంటున్నది. మంచిగున్నది. పక్కింట్ల సిస్టర్‌కు చీర వచ్చింది. అది గూడ మంచిగున్నది.”

“అక్కా, ఏమంటున్నవే?”

“ఏమంటలే తమ్మీ. నన్ను ఫోన్లనే పిలిస్తివి గదా, పాలు గూడ ఫోన్లనే పొంగియ్యి.”

ఫోను ఆగిపోయింది. సాయన్న చేతిలో ముద్ద అలాగే ఉంది. తిరిగి చేస్తే ఎత్తలేదు. అతను పళ్లెం ముందుకు జరిపి లేచాడు. అక్క పెళ్లయి అలంపూర్ వెళ్లినప్పటి నుంచి ఇంట్లో జరిగిన ఏ శుభకార్యానికీ ఆమె లేకుండా దీపం వెలిగించలేదు. “ఇల్లు గట్లనే ఉండనీ. మా అక్క రాకుంటే నేను గడప దాట,” అని వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పురోహితుడు పెట్టిన ముహూర్తం గురువారం.

నాగేంద్రమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, అడగడం మాత్రమే ఉంది. అదే తేజస్వినికి తట్టుకోవడం కష్టమైంది.

“అత్తమ్మా, నేను అలంపూర్ పెద్దమ్మకు ‘ఇంటికి’ అనే పెట్టిన. నాకు మంచిగ యాదికున్నది. ఎవరో ముట్టిండ్రు.” ఆమె భర్త వైపు తిరిగింది. “మీరు ముట్టిండ్రు. మార్చాలె అన్నది మీరే గదా. నా దగ్గరున్నదీ మీ దగ్గరున్నదీ పక్కపక్కన పెడితే ఎక్కడ చెడిందో అదే తెలుస్తది.”

“నేను నీ దాన్ని ముట్టలే తేజూ. నా కాపీల—”

“ముట్టిండ్రా లేదా, అది చెప్పుండ్రి.”

భాస్కర్ గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. “ఒక్కటే ముట్టిన,” అన్నాడు.

ఇంకేం కావాలి? తేజస్విని ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి వైరు పెట్టింది. తనకు ఒక్కదానికి తెలిస్తే చాలదు, అందరికీ కనబడాలి. మంచం మీద ఉన్న మామగారిని కూడా లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. శిల్ప గుమ్మం దగ్గర, మంచినీళ్లు కూడా తాగకుండా నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే బయట ఆటో ఆగింది. పట్టుచీర కట్టుకుని, ఒక చేత్తో ఇత్తడి గుండిగ, ఇంకో చేత్తో సకినాల డబ్బా పట్టుకుని నర్సమ్మ దిగింది.

“ఏంది నాగేంద్రమ్మా, గట్ల సూస్తవు? పిలిచినవు గదా, వచ్చిన. నాలుగు రోజుల ముందు రాకుంటే పనెవరు చేస్తరు? మీ కోడళ్లకు సకినం చుట్టొస్తదా?”

ఇన్నేళ్ల తర్వాత గడప తొక్కిన యారాలికి నాగేంద్రమ్మ ఎదురు వెళ్లింది. “రా యక్కా, కూసో,” అంది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని టీవీకి ఎదురుగా ఉన్న మంచి కుర్చీలో కూర్చోబెట్టింది.

“సీరియలా?” అంది నర్సమ్మ.

తేజస్విని మనసు అప్పుడు నర్సమ్మ మీద లేదు. ఆమె ఎందుకొచ్చిందన్న ఆలోచన కూడా తర్వాత చూసుకోవచ్చనుకుంది. రెండు షీట్లను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న గడి ఎర్రగా కనబడేటట్టు చేసింది. “ఎడమ పక్కది మీ అబ్బాయిది మామయ్యా. కుడి పక్కది నాది,” అంటూ టీచరమ్మలా కిందికి లాగింది.

గద్వాల అంతా తెల్లగా ఉంది. లింగాలలో ఒక్క గడి ఎర్రగా మెరిసింది.

“ఇగో! చూడండి!” తేజస్విని గొంతు సంతోషంతో లేచింది. “ఇక్కడ ముట్టిండ్రు.”

అందరూ వంగి చూశారు. ఆ వరుసలో ఉన్నది తేజస్విని సొంత చిన్నమ్మ పేరు. లింగాలలో ఉంటుంది, చిన్నప్పుడు ఆమెను పెంచింది. అత్తింటి వాళ్లు తన వాళ్లను నెత్తికెక్కించుకుందని అనుకోకూడదని తేజస్విని ఆమెకు ‘ఫోన్’ అని పెట్టింది. భాస్కర్ షీటులో అది ‘ఇంటికి’ అయి ఉంది.

“నేను అటే పోతుంటి గదా,” అన్నాడతను మెల్లగా. “మీ చిన్నమ్మను ఫోన్ల పిలుస్తే మంచిగుంటదా? కార్డు చేతికిచ్చి వచ్చిన. ఆమె ఏడ్చింది గూడ. నీకు చెప్తే తిడుతవని చెప్పలే.”

తేజస్విని చెవులు వేడెక్కాయి. వెనక్కి తగ్గడానికి అదే మంచి చోటు. కానీ ఆమె తగ్గలేదు. తప్పు ఇంకా కింద ఎక్కడో ఉండి తీరాలి, అది ఆయనదే అయి తీరాలి. గబగబా కిందికి లాగింది. లింగాల అయిపోయింది. పెద్దమందడి వచ్చింది. టీవీ ఒక్కసారిగా ఎర్రబారింది. ఇంకా లాగితే ఇంకా ఎరుపు. అలంపూర్ చివరి దాకా ఎరుపు లేని వరుస ఒక్కటీ లేదు.

“అబ్బో, మిర్చి ఆరబోసినట్టున్నది,” అంది నర్సమ్మ.

“మొదలు ఎక్కడున్నది?” అన్నాడు సాయన్న. అతను ఆ పూట మాట్లాడిన మొదటి మాట అది.

తేజస్విని పైకి వెళ్లింది. ఎరుపు మొదలైన వరుసలో ఎడమ పక్క షీటులో కురుమయ్య పేరు ఉంది. కుడి పక్క షీటులో లేదు.

నాగేంద్రమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. “మామ పేరు తీసెయ్యమన్నది నేనే బిడ్డా,” అంది కోడలిని కాపాడుతున్నట్టు.

తీసింది ఎవరో ఎవరూ అనలేదు. అక్కర్లేదు కూడా. మూడు గళ్లు, ముద్దగా పట్టుకుని చెరిపిన తన వేళ్లు, కుక్కరు కూత, పైకి జరపమన్న తన మాట, అన్నీ తేజస్విని కళ్ల ముందు తిరిగాయి. ఏమీ ముట్టొద్దని అందరినీ భయపెట్టిన షీటును ముట్టింది తనే. ఆమెకు ఆ వైరు పీకేసి, ల్యాప్‌టాప్‌తో సహా మంచం కింద దూరాలనిపించింది. అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉందని ఆమెకు తోచలేదు. ఎడమ పక్క షీటులో కురుమయ్య కింది వరుసను తెర మీద నుంచి తప్పించాల్సింది.

ఆలస్యమైపోయింది. నర్సమ్మ వయోజన పాఠశాలలో చదువుకున్న మనిషి. అక్షరం కనబడితే కూడబలుక్కుని చదవందే ఊరుకోదు. తన పేరు టీవీలో వచ్చిందని సంతోషంగా ముందుకు వంగి, వేలితో గాలిలో గీస్తూ మొదలుపెట్టింది.

“న-ర్స-మ్మ. పె-ద్ద-మం-ద-డి.” ఫోను నంబరు కూడా వదలకుండా చదివింది. “పి-ల-వొ-ద్దు.”

సకినాల డబ్బా మూత ఒక్కటే చిన్నగా చప్పుడు చేసింది. శిల్ప చెయ్యి తగిలింది.

నర్సమ్మ ఆ మాటను మళ్లీ ఒకసారి లోపల చదువుకుంది. తర్వాత కుర్చీలో నుంచి కదలకుండా తేజస్విని వైపు తిరిగింది. “రాసింది నువ్వేనా?”

అబద్ధం చెప్పడానికి తేజస్వినికి చోటు మిగల్లేదు. “నేనే పెద్దత్తమ్మా.”

“అక్షరాలు మంచిగున్నయి.”

తేజస్విని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వంగబోతే నర్సమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. “కాళ్లు తర్వాత మొక్కుదువు తీ. మరి నాకు చీరెట్ల వచ్చింది?”

భాస్కర్ చెప్పాడు. కురుమయ్య పేరు తీసేస్తే ఆయన ఇంటి ఆడవాళ్లకని రాసిన చీర ఆమెకు, శేఖర్ వాట్సాప్ జోగులమ్మకు, జోగులమ్మ చీర రెబెకాకు ఎలా దిగాయో పూసగుచ్చినట్టు చెప్పాడు. నర్సమ్మ శ్రద్ధగా విన్నది. అర్థం కాని చోట మళ్లీ చెప్పించుకుంది.

“అంటే గిది కురుమయ్య మామ చీర?”

“అవును పెద్దమ్మా.”

నర్సమ్మ తన కొంగు ఎత్తి చూసుకుంది. అందరూ ఆమె లేచి వెళ్లిపోతుందనే అనుకున్నారు. నాగేంద్రమ్మ ఒక చెయ్యి అప్పటికే గుండిగ మీద వేసింది, పట్టుకుపోకుండా. నర్సమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. ఆమె నవ్వుతోంది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి నీళ్లు అడిగింది.

“బతికున్నప్పుడు ఒక్క జాకెట్ ముక్క పెట్టలే ఆ ముసలోడు! సచ్చినంక పట్టుచీర పెట్టిండు!” నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. “ఇగ ఇంటికి పోయి ఏమని చెప్పుకోను నాగేంద్రమ్మా? ఊరంత చీర చూపించిన. ఇచ్చింది తప్పయిందని చెప్పాల్నా? నేను పోను. ఇగ ఏమన్న చేసుకోండ్రి.”

“నువ్వు పోతనన్నా పోనియ్య,” అంది నాగేంద్రమ్మ.

“మరి ఆ అలంపూర్ ఆమె సంగతేంది?”

“పాలు ఫోన్లనే పొంగియ్యమన్నది,” అన్నాడు సాయన్న.

నర్సమ్మ లేచి నిలబడింది. “కారు తియ్యి భాస్కరూ. పెద్ద కోడలా, నడువు. పిలవొద్దని రాయించుకున్న నేను వచ్చిన. వాట్సాప్ వచ్చినామె రాదా?”

అలంపూర్ చేరేదాకా కారులో తేజస్విని ఒళ్లో కొత్త పట్టుచీర, కుంకుమ భరిణె, కార్డు. పెద్దమ్మ ముందు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటుంటే, ఎంత కూర్చినా అది ‘కంప్యూటరు చేసింది’ దగ్గరికే వచ్చి ఆగుతోంది. చివరకు ఆ మాట మాత్రం అనకూడదని నిశ్చయించుకుంది.

జోగులమ్మ అరుగు మీదే ఉంది. కారు చూసి లోపలికి వెళ్లబోయి, అందులోంచి దిగిన నర్సమ్మను చూసి ఆగింది. గోడ అవతల రెబెకా సిస్టర్ కూడా బట్టలు ఆరేయడం ఆపింది.

“పెద్దమ్మా, తప్పు నాది,” అంది తేజస్విని. “షీటు చెడగొట్టింది నేను. ఆయన మీద పెట్టబోయిన. శిల్ప అడిగితే గద్దించిన. మీ పేరు నేనే కిందమీద చేసిన.”

జోగులమ్మ మొహం కదల్లేదు. “పెద్ద చదువు సదివినవు గదా బిడ్డా.”

“చదివిన పెద్దమ్మా,” అంది తేజస్విని. అంతకన్నా సిగ్గుపడే జవాబు ఆమెకు దొరకలేదు.

“వదినె,” అంది నర్సమ్మ అరుగు ఎక్కి చతికిలబడుతూ, “నీకు ఏం రాసిండ్రో తెలుసా? ‘ఇంటికి’ అని రాసిండ్రు. టీవీల నేనే సూసిన. నాకు ఏం రాసిండ్రో తెలుసా?”

“ఏం రాసిండ్రు?”

“‘పిలవొద్దు’. గింత గింత అక్షరాలు. నన్ను ఎదురుగ మంచి కుర్చీల కూసోబెట్టి సూపించిండ్రు.”

జోగులమ్మ తేజస్విని వైపు చూసింది, నర్సమ్మ చీర వైపు చూసింది. “మరి ఇది?”

“ఇది కురుమయ్య మామది.”

జోగులమ్మ నవ్వు ఆపుకుందామనుకుంది. ఆపుకోలేకపోయింది. గోడ అవతల నుంచి రెబెకా, “నా చీర తిరిగి తీసుకొని పోండ్రి బిడ్డా, నాకు వాట్సాప్ చాలు,” అంటూ చీర పట్టుకొచ్చింది. జోగులమ్మ దాన్ని ఆమె చేతికే తిరిగి నెట్టింది. “ఉండనీ సిస్టర్. మా తమ్ముని పానం నిలబెట్టినవు. వాళ్లకు ఇప్పుడు తెలివొచ్చింది.”

తేజస్విని బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం వంకరగా వచ్చింది. జోగులమ్మ దాన్ని సరిచేసుకోలేదు.

గురువారం తెల్లవారగానే జోగులమ్మ కొత్తింటి గడప దాటి, పొయ్యి వెలిగించి, పాలు పొంగించింది. సాయన్న అక్క పక్కనే నిలబడి, పాలు పొంగుతుంటే చిన్నపిల్లాడిలా చూశాడు. మొదటి బంతిలో మొదటి విస్తరి నర్సమ్మది; ఎవరూ లేపలేదు. ఆ పక్కన తేజస్విని వాళ్ల చిన్నమ్మ, ఆ పక్కన రెబెకా. వడ్డిస్తున్న తేజస్విని, భర్త విస్తరిలో నెయ్యి కొంచెం ఎక్కువ వేసింది. అతను తల ఎత్తి చూస్తే పక్కకు జరిగింది. ఆ నెయ్యి దేనికో ఇద్దరికీ తెలుసు. విత్తనాల శేఖర్ మాత్రం పిలవకపోయినా వచ్చి, తనకు కార్డు ఎందుకు రాలేదని భాస్కర్‌ను చేతులు కడుక్కునే దాకా అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు కుక్కరు పెట్టకముందే తేజస్విని షీటు తెరిచింది. కురుమయ్యను తిరిగి ఆయన చోట్లో కూర్చోబెట్టింది. నర్సమ్మ ఎదురుగా ఉన్న మాట చెరిపి ‘ఇంటికి’ అని రాసింది. అక్షరాలు చిన్నవి చేసి, ఐదు గళ్లూ కనబడేటట్టు పెట్టుకుని, రెండు షీట్లనూ పక్కపక్కన చూసుకుంది. అప్పుడు భాస్కర్‌ను పిలిచి, “మీరు గూడ ఒకసారి చూడండి,” అంది.

ఆ ఇంటి షీటులో నుంచి పోయిన వాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరూ తీయడం లేదు; వాళ్ల ఎదురుగా ‘వాట్సాప్’ అని లేకుండా మాత్రం చూసుకుంటారు.